రేడియం మీద పేర్లు

రేపల్లెలో ఆ స్కూలు మేడమీద చివరి గదిలో నాలుగు కంప్యూటర్లు, ఓ మూల రేడియం స్టిక్కర్లు కోసే మిషనూ ఉండేవి. 2008లో రాహేలు టీచర్ అక్కడ ఎనిమిదో తరగతికి డిజైన్ నేర్పేది. పిల్లలు తెర మీద తమ పేర్లు వంకర్లు తిప్పి గీస్తే, మిషను సన్నటి కత్తితో వాటిని కోసిచ్చేది. సైకిలు మడ్‌గార్డుకి అంటించుకుని మురిసిపోయేవాళ్లు.

ఓ సోమవారం ఎవరూ పంపకుండానే మిషను ఒక పేరు కోసింది. ఆ క్లాసులోని అజయ్ బాబుది. అందరూ నవ్వారు. మర్నాడు వాడు కాలవలో శవమై తేలాడు.

పై వారం సరోజ పేరు. తెల్లారి ఆ పిల్ల నిద్ర లేవలేదు.

రాహేలు వెళ్లి మిషను సంగతి చెబితే, "ఇలాంటివి పిల్లల దగ్గర అనకండమ్మా" అని కసురుకున్నాడు హెడ్మాస్టరు శివరామయ్య.

ఆ తర్వాత నాలుగు రోజులకి, సాయంత్రం ఐదున్నరప్పుడు, జోరున వాన. పిల్లలంతా వెళ్లిపోయారు. అదే క్లాసు చదివే రాహేలు కూతురు జెన్నిఫర్ ఒక్కతే కింద వరండాలో అమ్మ కోసం కూచుంది. గదిలో తడిసిన సున్నం వాసన. కంప్యూటర్లు ఆపబోతుంటే వెనక... కిర్ర్... కిర్ర్...

రేడియం కదులుతోంది. "జె".

రాహేలు మిషను ప్లగ్గు పీకేసింది. కత్తి ఆగలేదు. "న్ని". చేత్తో పట్టుకోబోతే వేలు తెగింది. తెర మీద కూతురి పేరు. చెరిపింది. మళ్లీ వచ్చింది. చెరిపింది. మళ్లీ...

దానికి ఎవరిదో ఒకరి పేరు కావాలి.

హాజరు పట్టీ తీసింది. ఎవరు పోతే ఏడ్చేవాళ్లు తక్కువ? అచ్చంగా అలాగే ఆలోచించింది. వెనక బెంచీలో నోరెత్తని పిల్ల ఒకతి ఉంది. తండ్రి లేడు. తల్లి నూర్ బీ మసీదు వీధిలో గాజులమ్ముతుంది. 'ఆస్మా' అని కొట్టింది రాహేలు.

కత్తి ఆగింది. తర్వాత తీరిగ్గా, ముద్దుగా ఆ పేరు కోసింది.

"అమ్మా, వేలికి రక్తమేంటి?" అంది జెన్నిఫర్.

"ఏం లేదు. పద."

మర్నాడు ఆస్మా స్కూలుకి రాలేదు. రాహేలు ఉండబట్టలేక ఆ ఇంటికెళ్లింది. ఏడుపులు వినబడతాయనుకుంది. నూర్ బీ మాత్రం గాజులు సర్దుకుంటూ నవ్వుతూ లేచింది.

"రండి మేడమ్. మా పిల్లేదండి?"

"ఆస్మా... ఇంట్లో లేదా?" అంది రాహేలు.

"అదేంటండి! నిన్న ఐదున్నరకి మీరేగా వచ్చి, రాత్రికి మీ ఇంట్లోనే ఉంచుకుంటానని తీసుకెళ్లారు? దాని చెవిలో ఏదో చెబితే నవ్వుకుంటూ మీ వెంట వచ్చింది కదా!"

నూర్ బీ కాస్త ఆగి, రాహేలుని ఎగాదిగా చూసింది.

"అంత వానలో వచ్చారా... మీ మీద ఒక్క చుక్క తడి లేదేంటా అని అప్పుడే అనుకున్నానండి."