హరికృష్ణ వాలెట్లో కొత్త టోకెన్

పిడుగురాళ్ళ దాటాక గురజాల రోడ్డు మీద ఉంటుంది పుల్లారావు గారి సున్నం బట్టీ. అక్కడ ఆఫీసు గదిలో నేను బిల్లులు రాసేదాన్ని. ఆ మధ్యాహ్నం మబ్బు కమ్మి గదంతా చీకటైంది. వాన రాకముందే సరుకు మీద పట్టాలు కప్పాలని కూలీలంతా బట్టీల వైపు వెళ్ళారు. కరెంటు పోయింది. లాప్‌టాప్ వెలుగులో నేనొక్కదాన్నే ఉన్నాను.

పుల్లారావు గారు వచ్చి తలుపు దగ్గరగా వేశారు. ఆయన అన్నకొడుకు హరికృష్ణ కొన్నాళ్ళుగా కనపడటం లేదు. బట్టీలో తన వాటా అమ్మి క్రిప్టోలో పెట్టుకున్నాడని, ఎవరో అమ్మాయితో హైదరాబాద్ పోయాడని ఆయనే అందరికీ చెప్పారు. ఇప్పుడు ఫోన్లో అతని వాలెట్ అడ్రస్ చూపించి, అందులో ఏమైనా కదిలిందేమో చూడమన్నారు.

అడ్రస్ ఉంటే బ్యాలెన్స్ ఎవరైనా చూడొచ్చని, తీయాలంటే మాత్రం హరికృష్ణ దగ్గరున్న పాస్‌వర్డ్ లాంటి కీ కావాలని చెప్పాను. కీ సంగతి తనకెందుకన్నారు ఆయన.

కోడింగ్ నేర్చుకుంటూ రాసుకున్న చిన్న ప్రోగ్రామ్ నా దగ్గరుంది. అడ్రస్ ఇస్తే క్లౌడ్ ఏపీఐ అనే ఇంటర్నెట్ సర్వీసుని అడిగి, వాలెట్లో ఉన్న టోకెన్ల, అంటే క్రిప్టో నాణేల, పేర్లు, బ్యాలెన్సులు తెచ్చి చూపిస్తుంది. ఫోన్ నెట్ కలిపి, నిమిషానికోసారి తనే మళ్ళీ అడిగేలా పెట్టి నడిపించాను.

మూడు టోకెన్లు వచ్చాయి. ఏదీ కదల్లేదు. ఆయన స్థిమితపడి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

మరో నిమిషానికి నాలుగోది వచ్చింది. పేరు తెలుగులో ఉంది.

బాబాయ్.

టోకెన్ ఎవరైనా తయారుచెయ్యొచ్చని, ఏ పేరైనా పెట్టి ఎవరి వాలెట్‌కైనా పంపొచ్చని, ఇలాంటి చెత్త వస్తూనే ఉంటుందని చెప్పాను. ఆయన వినడం లేదు. బయట చినుకులు మొదలయ్యాయి. కాల్చిన సున్నం మీద తడి పడ్డప్పుడు వచ్చే వేడి ఘాటు గదిలోకి వచ్చింది...

ఇంకోటి.

బాబాయ్ నీళ్ళు.

ఇంకోటి.

నీళ్ళు పొయ్యొద్దు బాబాయ్.

ఆఫీసు వెనక సున్నం గుంట ఉంది. కాల్చిన రాయి నింపి నీళ్ళు పెడితే కుతకుతా ఉడికే గుంట. హరికృష్ణ కనపడకుండా పోయిన రోజు కూలీలకి సెలవిచ్చి, యజమానే పైపు పట్టి దాన్ని తడిపాడని మక్బూల్ మేస్త్రి చెప్పగా విన్నాను.

"ఎవరు చెప్పారే నీకు?" అన్నాడు పుల్లారావు మెల్లగా.

"నాకేం తెలియదు సార్..."

జుట్టు పట్టి నా ముఖాన్ని బల్లకేసి కొట్టాడు. ముక్కు విరిగిన చప్పుడు నాకే వినిపించింది. మళ్ళీ కొట్టాడు. పంటిముక్క నాలుక మీదకి వచ్చింది. కింద పడేసి, గుండెల మీద మోకాలు పెట్టి గొంతు నులిమాడు. ఊపిరి అందడం లేదు. ఆ ఘాటు ఇంకా పెరిగింది. కళ్ళు మండుతున్నాయి... చీకటి...

పట్టు వదిలింది.

పుల్లారావు తన చేతులు చూసుకుంటున్నాడు. అరచేతులు తెల్లగా పగిలి పొడి రాలుతోంది. నా నెత్తురు అంటిన చోటల్లా చర్మం బుసబుసా పొంగి పొగలు కక్కింది. అరుస్తూ బయటికి పరుగెత్తాడు.

బయట వాన జోరుగా పడుతోంది.

చినుకు తగిలిన ప్రతిచోటా మాంసం ఉడికింది. పెదవులు ఊడాయి. చెంప ఎముక నుంచి జారి భుజం మీద పడింది. మోకాళ్ళ మీద కూలబడి, ఎదురుగా ఎవరూ లేనిచోట చేతులు జోడించాడు.

"పొయ్యొద్దురా హరీ..."

వాన ఆగలేదు.

పరుగున వచ్చిన కూలీలు దూరంగానే నిలబడిపోయారు. మక్బూల్ మేస్త్రి నన్ను ఎత్తుకుని ఆటోలో నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పోలీసులు వచ్చారని, గుంటలో హరికృష్ణ ఎముకలు దొరికాయని, ఇంకేమీ లేదని తేల్చి దాన్ని పూడ్చేశారని తర్వాత మా ఇంటికి వచ్చి చెప్పాడు.

ఆ పూట మా అమ్మ దేవమ్మ నాకు ఒళ్ళు తుడుస్తూ ఎడమ ముంజేయి దగ్గర ఆగింది. అక్కడ తెల్లగా సున్నం మరక. సబ్బుకి పోలేదు. నూనెకి పోలేదు. దీపం దగ్గరికి జరిపి చూస్తే నన్ను గట్టిగా పట్టుకున్న వేళ్ళ అచ్చులు.

"ఏందమ్మా ఇది?" అంది అమ్మ గుసగుసగా.

హరికృష్ణది నా చేతికి రెండింతలుండే చెయ్యి. ఈ వేళ్ళు నా ముంజేయి చుట్టూ సగం కూడా అందలేదు. అయిదారేళ్ళ పిల్ల వేళ్ళు. పూడ్చేసిన ఆ గుంటలో ఇంకొకరు మిగిలిపోయారు.