తాళ్ళ షెడ్డులో ఎర్ర గీత

1968 నవంబరు 19, మంగళవారం. పొద్దున్నించీ ముసురు. సాయంత్రానికి వాన తెరిపిచ్చింది గానీ గాలి మాత్రం కదల్లేదు. గోడలు చెమర్చాయి. అగ్గిపుల్లలు గీస్తే అంటుకోలేదు. మర్నాడు అమావాస్య.

అలాంటి రోజున చీకటిపడ్డాక తాళ్ళ షెడ్డు వైపు ఎవరూ వెళ్ళేవారు కారు. ఆ మాటకొస్తే ఎలాంటి రోజునా వెళ్ళేవారు కారు.

అది మామూలు షెడ్డు కాదు. ఒక రైలుబండిని తీసుకొచ్చి లోపల పెట్టి తలుపు వేసుకోవచ్చు, అంత పొడుగు. ఒకప్పుడు అందులో ఓడలకు మోకులు పేనేవారు. తాడు పేనేవాళ్ళ నడక ఎప్పుడైనా చూశారా? ఈ చివర ఒకరు చక్రం తిప్పుతుంటే, రెండోవారు నడుముకు పీచు చుట్టుకుని, వేళ్ళతో కొంచెం కొంచెం వదులుతూ, వెనక్కి వెనక్కి నడుస్తారు. ముఖం చక్రం వైపు, అడుగులు అవతలికి. రోజంతా అంతే. ఇంటికి పోయేటప్పుడైనా ముందుకు నడవండర్రా అని వాళ్ళను ఏడిపించేవారట.

అలా నడుస్తూ ఒకావిడ షెడ్డు చివరి తారుతొట్టిలో పడిపోయింది. తొట్టి మూత తీసి ఉంది. ఆవిడ పేనిన తాడుకే పేరు రావడం చూసి ఓర్వలేక తోటిమనిషే తీసిందని కొందరన్నారు... ఏదీ తేలలేదు. ఆ తర్వాత మోకుల పనే మూతబడింది. ఆవిడ మాత్రం పని మానలేదంటారు.

"ముఖం కనబడితే భయంలేదు. అవతలికి పోతోందని అర్థం," అని పాతవాళ్ళు గొంతు తగ్గించి చెప్పేవారు. "వీపు కనబడిందా... నీ వైపే వస్తోందన్నమాట."

ఎవరూ కొనని ఆ షెడ్డును టార్చిలైట్ల కార్ఖానా ఆయన చవగ్గా కొన్నాడు. టార్చి వెలుగు ఎంతదూరం పోతుందో చూడ్డానికి అంత పొడుగూ అంత చీకటీ ఇంకెక్కడ దొరుకుతాయి? కిటికీలు లేవు. తలుపు ఒక్కటే, చక్రం ఉన్న వైపు. పట్టపగలు తలుపేసుకున్నా కన్ను పొడుచుకున్నా కనబడదు. తలుపు దగ్గర ఒకరు టార్చి పట్టుకుంటే, ఇంకొకరు ఆ వెలుగులో పేపరు చదువుకుంటూ స్తంభాల వెంట అవతలికి నడుస్తారు. అక్షరం ఎక్కడ ఆగిపోతే అక్కడికి ఆ టార్చి సత్తా సరి.

పద్దెనిమిదో స్తంభం దగ్గర నేలమీద ఒక ఎర్ర గీత ఉండేది. ఆయన వయసులో ఉండగా స్వయంగా చేసిన టార్చి అక్కడిదాకా అక్షరం చూపించింది. ముప్ఫై ఏళ్ళలో మరొకటి ఆ గీత దాటలేదు.

ఆయన్ను ఇకమీదట మామగారనే అందాం. ఎందుకంటే ఈ సంగతి జరిగింది ఆయన పెద్దల్లుడికి.

కార్ఖానాలో టార్చిలను పరీక్షించే పని పెద్దల్లుడిది. నడుమెత్తు నుంచి సిమెంటు నేలమీద పడేసేవాడు. నీళ్ళ బకెట్లో ముంచేవాడు. మీట నొక్కి నొక్కి అతని బొటనవేలు కాయగాసింది. అతని చేతిలో నెగ్గిన టార్చిలు తక్కువ. పనివాళ్ళు చాటుగా "పెదవివిరుపుగారు" అనేవారు. పన్నెండేళ్ళ చాకిరీ. మామగారి తర్వాత కార్ఖానా తనదేనని అతని నమ్మకం. ఎవరూ చెప్పలేదు, అయినా నమ్మకమే.

అంతలో రెండో అమ్మాయికి పెళ్ళయింది. చిన్నల్లుడు గడియారాలు బాగుచేసేవాడు. నోట్లో నాలుక లేనట్టుండే మనిషి. ఏడాది తిరక్కుండా ఒక కొత్త టార్చి చేసి మామగారి ముందు పెట్టాడు. ఇత్తడి గొట్టం, చెయ్యి జారకుండా దానిమీద గరుకు గళ్ళు. తల తిప్పితే వెలుగు బాణంలా ముడుచుకునేది, ఇటు తిప్పితే గొడుగులా విచ్చుకునేది.

ఆ మంగళవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర కూడా మామగారు దాన్ని కింద పెట్టలేదు. అందరూ మురిపెమనుకున్నారు.

"ఎలా ఉంది పెద్దల్లుడుగారూ?"

"బరువెక్కువండి."

"అది బరువు కాదు, దిట్టం."

"మీట బిగుతండి."

"సంచిలో ఒత్తుకుని దానంతటది వెలగకుండా అలా పెట్టానన్నయ్యగారూ," అన్నాడు చిన్నల్లుడు మెల్లగా.

కింద పడేస్తే సొట్ట పడలేదు. బకెట్లో ముంచితే చుక్క లోపలికి పోలేదు. పెద్దల్లుడికి అన్నం సహించలేదు.

"రేపు షెడ్డులో చూద్దాం," అన్నారు మామగారు. "గీత దాటితే కార్ఖానా తాళాలు చిన్నల్లుడుగారికే."

గదిలోకి వచ్చాక భార్య, "పోనిద్దురూ, మనకేం తక్కువైంది?" అంది.

"తక్కువైందని నేనన్నానా?"

"మీరనలేదు. ఆ చెంబును అంత గట్టిగా పెడితేనూ..."

ఆ రోజుల్లో నీరసపడ్డ సెల్లులను ఎండలో పెట్టేవారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఎండ తగిలితే కాసేపు ప్రాణం లేచొచ్చినట్టు వెలిగి, అంతలోనే చతికిలబడేవి. కొందరు పంటితో నొక్కేవారు కూడా. పెద్దల్లుడి సొరుగులో అలాంటివి మూడు ఉన్నాయి. చీకటిపడ్డాక మామగారి గదిలోంచి కొత్త టార్చి తీసుకుని వాటిని అందులో వేశాడు. రేపు సగం దారిలో అదే చస్తుంది, పేరు చిన్నల్లుడిది పోతుంది. అయితే సరిగ్గా ఎక్కడ చస్తుంది? మొదట్లోనే చస్తే అనుమానం వస్తుంది. ఒకసారి చూసుకోవాలి... అందుకే షెడ్డుకు బయల్దేరాడు. అసూయ ఎంత గొప్పదంటే, దారిలో అతనికి దెయ్యం సంగతి గుర్తే రాలేదు.

తలుపు తాళం తీసి ఉంది. పనివాళ్ళ నిర్లక్ష్యం... రేపు ఎవరిని తిట్టాలా అని ఆలోచిస్తూ లోపలికి అడుగుపెట్టాడు.

తారు వాసన. అందులో కలిసిన ఇంకేదో వాసన.

మీట నొక్కాడు. టిక్.

వెలుగు తెల్లగా దూసుకుపోయింది. పదో స్తంభం... పదిహేనోది... చచ్చిన సెల్లులతో ఇంతదూరమా? అసూయ మళ్ళీ భగ్గుమంది. భయం ఇంకా రాలేదు.

తల తిప్పి వెలుగును ముడిచాడు.

ఎర్ర గీత ఉండే చోటుకు అవతల... ఒక మనిషి.

తలమీంచి ఏదో కప్పుకుని ఉంది. నడుము కొంచెం వంగి ఉంది. ముఖం కనబడలేదు.

వీపు.

ఆ వీపు కదిలింది. వెనక్కి ఒక అడుగు... ఆగి... ఇంకో అడుగు. ఇటే. తలుపు వైపే. పాదాలు నేలను రాసుకుంటున్న చప్పుడు— సర్... సర్...

పరుగెత్తమని మనసు చెప్తోంది. కాళ్ళు వినడంలేదు. అప్పుడే చేతిలో వెలుగు పసుపుపచ్చగా మారడం మొదలైంది. మంచి సెల్లులు వేసి ఉంటే! ఏ దేవుణ్ణీ, ఏ చిన్నల్లుణ్ణీ తిట్టుకోవడానికి లేదు. అవి వేసింది తనే.

పదో స్తంభం. తొమ్మిది. వీపు పెద్దదవుతోంది. వెలుగు చిక్కిపోతోంది.

"పో..." అంది ఆ వీపు, బొంగురుగా. "పో..."

వెలుగు ఎర్రగా, నిప్పురవ్వంత అయింది. దాన్ని కిందికి దించాడు, చూడలేక. చివరి మెరుపులో రెండు మడమలు కనిపించాయి. వాటికి చెప్పులు. కుడి చెప్పు తెగిన చోట రాగితీగ చుట్టి ఉంది. టార్చిలో వాడే రాగితీగ. దేన్నీ పారెయ్యలేని మనిషి ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారు.

"...మామగారూ?"

అడుగులు ఆగాయి. టార్చి ఆరిపోయింది.

చీకట్లో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"పెద్దల్లుడుగారా," అన్నారు మామగారు. "తలుపు చప్పుడైతే దీపం ఆర్పేశాను. ఉన్నది ఒక్కటే తలుపాయె. ముఖం కనబడకుండా బయటపడదామని ఇలా వచ్చాను. భయపడి పోతారనుకున్నాను."

"పోయేవాణ్ణేనండి. కాళ్ళు రాలేదు."

మామగారు అగ్గిపుల్ల గీశారు. మూడోది అంటుకుంది. ఆయన చేతిలో కుంచె ఉంది. వేళ్ళకు ఎర్ర రంగు. ఆయన చూపు టార్చి మీద పడింది.

"సెల్లులెక్కడివి?"

"ఎండలో పెట్టినవండి."

"ఊఁ."

"గీత ఎక్కడికి పోయిందండీ?"

"రెండు స్తంభాలు అవతలికి."

"ఊఁ."

అగ్గిపుల్ల వేలిని కాల్చింది. చీకట్లోంచే మామగారు అన్నారు: "ముప్ఫై ఏళ్ళు ఆ గీత నాదండీ. తాళాలిస్తానన్నాను... ఇవ్వగలను. గీత ఇవ్వలేకపోయాను."

ఆ మాట అర్థంకావడానికి పెద్దల్లుడికంటే తగినవాడు ఆ ఇంట్లో లేడు.

"మనం ఇక్కడికి రాలేదు," అన్నారు మామగారు.

"రాలేదండి."

మర్నాడు కొత్త సెల్లులు పెద్దల్లుడే వేశాడు. టార్చి అతనే పట్టుకున్నాడు. చిన్నల్లుడు పేపరు చదువుకుంటూ నడిచాడు. పద్దెనిమిది దాటాడు. ఇరవయ్యో స్తంభం దగ్గర వంగి గీతను వేలితో ముట్టుకున్నాడు. వేలికి తడి ఎరుపు అంటింది. తిరిగి ఇటు చూశాడు, ఆ వెలుగులో అతనికి ఎవరి ముఖమూ కనబడదు. వేలిని పేపరు అంచుకు తుడుచుకుని మళ్ళీ నడిచాడు. ఇంకో మూడు స్తంభాలు.

"ఇక్కడిదాకా బాగానే ఉందండీ," అన్నాడు. ఎప్పటికీ అంతకుమించి అనలేదు. పెద్దల్లుడికి అది ఇంకా కడుపుమంట.

కథ ఇక్కడితో అయిపోయిందనే ఆ ఇంట్లో అందరూ అనుకున్నారు, పెద్దల్లుడు సహా. మూడేళ్ళ తర్వాత మామగారు మంచం పట్టారు. ఒక సాయంత్రం పెద్దల్లుణ్ణి దగ్గరికి పిలిచి, గది తలుపు వెయ్యమన్నారు.

"ఆ రోజు మీకు నా వీపు కనబడింది కదూ?"

"అవునండి."

"అంటే నా ముఖం అటువైపు ఉన్నట్టే కదా. తారుతొట్టి వైపు. మీ వెలుగు నా పక్కనుంచి అక్కడిదాకా పడుతోంది..."

పెద్దల్లుడు మంచం దగ్గరికి జరిగాడు.

"నాకు ముఖం కనబడిందండీ. నాకేసే చూస్తూ వెనక్కి వెనక్కి పోయింది. ఇటు నేను, అటు తను... మధ్యలో తాడు ఉన్నట్టు."

"మీ నీడేమో మామగారూ. ఎదర గోడమీద పడి ఉంటుంది."



"నీడకు కళ్ళుంటాయా పెద్దల్లుడుగారూ?"

వారం తిరక్కుండా పోయారు. కార్ఖానా చిన్నల్లుడికి వచ్చింది, తాళాలు ఎలాగూ అతని దగ్గరే ఉన్నాయి. ఇల్లు అత్తగారికి. మామగారు వయసులో చేసిన టార్చి, తాళ్ళ షెడ్డు పెద్దల్లుడికి. అతను షెడ్డుకు కిటికీలు పెట్టించాడు, చీకటిపడకముందే తాళం వేసుకుని వచ్చేసేవాడు. వెనక్కి నడిచే ఆవిడకు మాత్రం ఎవరూ ఏమీ రాయలేదు.