చెమ్మ డాక్టరు వెబినార్ కేసు

“నన్నెవరో నిలువునా ముంచేస్తున్నారండీ!” అంటూ వచ్చిన మనిషి, కుర్చీ చూపించకముందే కూలబడ్డాడు.

డిటెక్టివ్‌కి ఆ ఉదయం అసలే చిరాకుగా ఉంది. కరెంటు పోయింది. కిటికీ తీస్తే దుమ్ము, మూస్తే ఉక్క. ఆమె సహాయకుడు మాత్రం హుషారుగా కాగితం, పెన్ను అందుకున్నాడు. ఆయన ఆమెకు స్వయానా బాబాయి. ఉద్యోగంలోంచి రిటైరయ్యాక ఇంట్లో తోచక చేరాడు. అన్నకూతురి తెలివి మీద ఆయనకు అంతులేని గురి.

వచ్చినాయన గోడల చెమ్మకు మందు పూసే వ్యాపారి. అందరూ చెమ్మ డాక్టరంటారు. ఒకప్పుడు గడప గడపా తిరిగి పని తెచ్చుకునేవాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఇంట్లోనే కెమెరా ముందు కూర్చుని ‘మీ గోడ ఎందుకు ఏడుస్తోంది?’ అని వెబినార్ పెడుతున్నాడు. ఉచితంగా సలహాలు చెప్పి, చివర్లో తన మందు సంగతి ఎత్తుతాడు. చూసినవాళ్ళలో కొందరు ఆర్డరిస్తారు. ఈ రోజుల్లో పళ్ళపొడి అమ్మాలన్నా వెబినార్ పెట్టాల్సిందే కాబట్టి ఇందులో వింతేమీ లేదు.

“‘మా మందు పూస్తే ఆ గోడకి జన్మలో చెమ్మ రాదు’ అంటానా, టక్కున ఒక ప్రశ్న పడుతుందండీ. ‘మీరు పూసిన గోడే మళ్ళీ చెమ్మెక్కింది. బట్టలన్నీ బూజు. ఎప్పుడు బాగుచేస్తారు?’ అని! అది అందరికీ కనిపిస్తుంది. ఇక జనం జారుకుంటారు. ఆ పేరు తీసేయిస్తే, మళ్ళీ వారం ఇంకో పేరుతో తయారు.”

“అది ఏ ఇల్లో అడిగారా?”

“ఎందుకడుగుతానండీ? కక్షకొద్దీ చేస్తున్న పని!”

“ఎవరి మీద అనుమానం?”

“మా తమ్ముడే కంప్యూటర్ చూసుకుంటాడు. వేరే కుంపటి పెడతానని గొడవ చేస్తున్నాడు. లేదంటే మా మేస్త్రి. పోటీవాళ్ళు వాణ్ణి రమ్మంటున్నారు.” ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. “ఈ ఆదివారం కాక పై ఆదివారం బిల్డర్ల సంఘం మొత్తం నా వెబినార్ చూస్తుంది. అప్పుడూ ఇదే జరిగితే దుకాణం కట్టేయడమే. నన్ను నమ్ముకున్న పనివాళ్ళు రోడ్డున పడతారు.”

ఈలోగా వచ్చిన ఆదివారం మామూలు వెబినార్ ఉంది. బాబాయిని ఆఫీసులోనే ఉండి ఫోన్లో చూడమని చెప్పి, డిటెక్టివ్ డాక్టరుగారింటికి వెళ్ళింది. నడవలో పెద్ద బీరువా అడ్డంగా నిలబడి ఉంది. పక్కకు తిరిగి దూరితే గానీ హాల్లోకి వెళ్ళడానికి లేదు. బాల్కనీలో ఇస్త్రీ మడతలు పోని చీరలు ఆరేసి ఉన్నాయి.

“ఉతికారాండీ?” అని అడిగింది డిటెక్టివ్, టీ తెచ్చిన ఇల్లాలిని.

“లేదండీ, ఊరికే ఎండలో వేశాను.”

“టీలు తర్వాత! చప్పుడవుతుంది, ఫ్యాన్లు ఆపెయ్. తలుపులన్నీ తీసిపెట్టు, ఉడికిపోతున్నాం” అన్నాడు డాక్టరు, అద్దంలో తల దువ్వుకుంటూ.

వెబినార్ మొదలైంది. డిటెక్టివ్, కంప్యూటర్ ముందున్న డాక్టరు తమ్ముడి వెనకే నిలబడింది. మేస్త్రి కెమెరా ముందు ఇటుక మీద మందు పూస్తున్నాడు. ఎవరేమడిగినా డాక్టరు చిరునవ్వుతో “మంచి ప్రశ్న అడిగారమ్మా!” అని ఓపిగ్గా వివరిస్తున్నాడు. చివరికి “జన్మలో చెమ్మ రాదు” అన్నాడు. అనగానే ఆ ప్రశ్న తెర మీద పడింది. డాక్టరు మొహం పాలిపోయింది. చూసేవాళ్ళ సంఖ్య చకచకా తగ్గింది.

అంతలో బాబాయి ఫోను. “అమ్మడూ, ఇదేం విడ్డూరమే! నాకు ప్రశ్న ముందొచ్చింది, డాక్టరు మాట తర్వాతొచ్చింది!”

“బాబాయ్, కేసు తేల్చేశావు. వెంటనే వచ్చెయ్” అంది డిటెక్టివ్. తనేం తేల్చాడో తెలియకపోయినా బాబాయి పొంగిపోతూ వచ్చాడు.

ఆమె అందర్నీ హాల్లో కూర్చోబెట్టింది. ఇల్లాలు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడింది.

“ఇక్కడ మాట్లాడింది బయటివాళ్ళకి అరనిమిషం ఆలస్యంగా వినిపిస్తుంది. ప్రశ్న మాత్రం రాసిన వెంటనే కనిపిస్తుంది. బయటివాళ్ళకి మీ మాట చేరకముందే ప్రశ్న వచ్చిందంటే, అడిగిన మనిషి మీ మాట ఈ ఇంట్లోనే, నేరుగా విన్నట్టు.”

“ఒరేయ్!” అని డాక్టరు తమ్ముడి మీదికి లేచాడు.

“కూర్చోండి! ఆయన చేతులు నా కళ్ళ ముందే ఉన్నాయి. మేస్త్రి చేతిలో బ్రష్షుంది. ఇక ఆలోచించండి. బీరువా గోడకి ఆనించకుండా నడవలో ఎందుకుంది? ఉతకని చీరలు ఎండలో ఎందుకున్నాయి? ఆ ప్రశ్నలో అబద్ధం లేదండీ. ఆ గోడ మీ పడగ్గదిది.”

అందరూ గుమ్మం వైపు తిరిగారు. ఇల్లాలే నోరు విప్పింది.

“చెడగొట్టాలని కాదండీ. ఇంట్లో ఎన్నిసార్లు అడిగినా ‘తర్వాత చూద్దాం’ అంటారు. అక్కడైతే ముక్కూమొహం తెలియనివాళ్ళడిగినా ‘మంచి ప్రశ్న’ అని జవాబు చెప్తారు. అందుకే నేనూ చేరాను. మొదటిసారి, పెళ్ళైన కొత్తలో ఈయన నన్ను పిలిచిన ముద్దుపేరే పెట్టుకున్నాను. పోల్చుకుంటారనుకున్నా. తీసెయ్యమన్నారు.”

తమ్ముడు తల దించుకున్నాడు. డాక్టరు చేతులు జోడించాడు. “సరేలేవే. పై ఆదివారం మాత్రం అడక్కు, నీకు పుణ్యముంటుంది.”

“అడగను. ఇంక అడగను.”

“అమ్మయ్య!” అన్నాడాయన, గుండెల మీద చెయ్యి వేసుకుని. డిటెక్టివ్‌కి ఒళ్ళు మండింది. ఏదో అనబోయి, బ్యాగు తీసుకుని మెట్లు దిగిపోయింది.

బిల్డర్ల వెబినార్ మంచినీళ్ళు తాగినంత సులువుగా జరిగిపోయింది. ఎవరూ అడ్డు ప్రశ్న వేయలేదు. మర్నాడు డాక్టరు మిఠాయి పెట్టెతో ఆఫీసుకొచ్చాడు. “మూడు అపార్ట్‌మెంట్ల పని ఇచ్చారండీ! పనివాళ్ళు గట్టెక్కారు. అంతా మీ చలవే!”

“ఇంట్లో మీ ఆవిడ ఎలా ఉంది?” అని అడిగాడు బాబాయి.

“వాళ్ళక్క ఇంటికెళ్ళింది. బీరువాలో బట్టలన్నీ తీసుకెళ్ళింది.” ఆయన ఫోను తీసి ఒకసారి చూసుకున్నాడు. “ఎప్పుడొస్తావని నిన్నటి నుంచీ మెసేజీల్లో అడుగుతూనే ఉన్నానండీ. చూస్తోంది కానీ జవాబివ్వడం లేదు. ఎందుకో కాస్త మీరే కనిపెట్టాలి.”

డిటెక్టివ్ మిఠాయి పెట్టె ఆయన వైపు జరిపి, “ఈ కేసు నేను తీసుకోను” అంది.