మునగని వెన్ను

“మా నాన్న మునగట్లేదండి డాక్టరుగారూ!”

పల్లాలమ్మ గోదావరిలో మోకాలిలోతున నిలబడి వేలు చూపించింది. నీళ్ళమీద ఆమె తండ్రి వెన్నెముక తేలుతోంది. వారం కిందట చితిలో అది కాలలేదు. మిగతా అస్థికలన్నీ నీళ్ళలో కలిసిపోయినా ఇదొక్కటీ కలవట్లేదు.

ఇదెక్కడి చోద్యం అంటారా? చెబుతాను వినండి. టైటానియం, అల్యూమినియం కలిసి పుట్టే ఒక పదార్థంలో పరమాణువులు వరస తప్పకుండా కూర్చుంటాయి. అది తేలికే కానీ దెబ్బ తగిలితే అప్పడంలా విరుగుతుంది. డాక్టర్ విశాలాక్షి పదిహేనేళ్ళు దాంతో కుస్తీ పట్టింది. నియోబియం కలిపితే నిప్పుకి లొంగలేదు. బోరాన్‌తో బలం పెరిగింది. చివర్లో చిటికెడు స్కాండియం వేసింది. అంతే, వంగింది కానీ విరగలేదు! స్పాంజిలా పోతపోస్తే నీళ్ళమీద తేలింది కూడా. ఒక్క చిక్కుంది. ఆ వరసలో ఎక్కడైనా ఖాళీ ఉంటే పక్కనున్న పరమాణువుని లాగేసుకుని నింపుకుంటుంది. పోన్లే, అదీ మంచిదే, పగుళ్ళు వాటంతటవే పూడతాయనుకుంది.

ఆ లోహంతో పోసిన మొదటి వెన్ను తనకే పెట్టించుకుంది. తర్వాత కొబ్బరిచెట్టు మీంచి పడ్డ పల్లాలమ్మ తండ్రితోబాటు వేలమంది ఆ వెన్నుతో లేచి నడిచారు.

“రాయి కట్టి చూశావామ్మా?”

“మూడుసార్లు కట్టానండి. తాడు తెంచుకుని వచ్చేత్తన్నాడు. ఎల్లుండి పెద్దదినం. మనిషి ఇక్కడే ఉండిపోతే పిండం ఎలా పెట్టనండీ? కొడుకైనా కూతురైనా నేనే కదండీ!”



గట్టు మీదున్న విశాలాక్షి తల దించుకుంది. “మనిషి బతకడానికి కావలసిన పరీక్షలన్నీ చేశానమ్మా. పోయాక ఏమవుతుందో చూడలేదు.”

అంతలో దిగువనుంచి, ప్రవాహానికి ఎదురుగా, ఇంకో వెన్ను వచ్చింది. దాని వెనక మరొకటి. చూస్తుండగానే నలభై దాకా చేరి, సమానమైన ఎడంతో బారుగా నిలిచాయి. ఆ పోయినవాళ్ళ తాలూకు మనుషులు సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు కాబోలు.

“ఎవరండీ వీళ్ళంతా?”

అందరూ విశాలాక్షి చేసిన వెన్నుతో నడిచినవాళ్ళే. పల్లాలమ్మ తండ్రి పక్కన ఒక్క చోటు ఖాళీగా ఉంది. విశాలాక్షి నడుం దానంతటదే నిటారుగా అయింది. కాలు నీళ్ళలోకి పడింది.

“చెయ్యి పట్టుకో అమ్మా. వదలకు!”

పల్లాలమ్మ రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగింది. “నాన్నా, వదిలెయ్యి! ఆవిడ బతికున్న మనిషి!”

నీళ్ళు నడుం దాటాయి. పల్లాలమ్మ ఉన్న బలమంతా పెట్టి మళ్ళీ లాగింది.

విశాలాక్షి వెన్ను గట్టువైపు వంగింది. విరగలేదు.