నలభై రోజుల గ్రాఫు

మూడేళ్ల కిందట చనిపోయిన అన్నయ్య, నిన్న మధ్యాహ్నం మూడింటికి ఫ్రీజర్ తెరిచి ప్రాణాంతకమైన వైరస్ సీసా పట్టుకెళ్లినట్టు రిజిస్టర్లో సంతకం చేసి ఉన్నాడు.

ఉడుత ఆ సంతకాన్ని రెండుసార్లు చూశాడు. ఎంత ఎత్తుకైనా ఇట్టే ఎగబాకుతాడని నిఘా డిపార్టుమెంటు పెట్టిన పేరది. ఇవాళ మాత్రం కాళ్లు నేలకి అతుక్కుపోయాయి.

"ఫోర్జరీ," అన్నాడు. "అన్నయ్య సంతకం కింద రెండు చుక్కలు పెట్టేవాడు. ఇక్కడ ఒకటే ఉంది."

"అందుకే నిన్ను పిలిచాను," అన్నాడు బాస్. "వైద్య పరిశోధన సంఘం వార్షిక సభ పదకొండింటికి. పన్నెండింటికి సరుకు చేతులు మారుతుంది. కొనేది ముఖ్య అతిథిగా వచ్చిన విదేశీ ప్రొఫెసర్. అమ్మేవాడు కార్యవర్గం ఐదుగురిలో ఒకడు. ఎవడో తెలీదు."

"దొరికితే?"

"ప్రాణాలతో కావాలి."

"మాటిమ్మంటారా?"

"ఆర్డర్ ఇస్తున్నాను."

అన్నయ్య ఆ సంఘానికి కార్యదర్శి. సంఘం ల్యాబ్ శీతల గదిలో గడ్డకట్టుకుపోయి చనిపోయాడు. గడియ దానంతటదే పడిందనీ, అలారం సరిచూసుకోకపోవడం ఆయన అజాగ్రత్తేననీ సంఘం తీర్మానం చేసి, దాని కాపీ ఇంటికి పంపింది. వదిన దాన్ని బీరువాలో దాచింది. "చింపే రోజు కోసం దాచాను మరిదీ," అంటుంది ఎప్పుడడిగినా.

పదకొండింటికి ఉడుత ప్రొజెక్టర్ ఆపరేటర్ అయ్యాడు. నలిగిన చొక్కా, మూడు రోజుల గడ్డం, జేబులో మాటలు రికార్డు చేసే పెన్ను.

ముందు సెంటు వాసన వచ్చింది, వెనకాల మైనా వచ్చింది. విదేశీ ప్రొఫెసర్‌కి దుబాసీ. నీలం సిల్కు గౌనులో ఆమె నడిచి వస్తే హాల్లో సగం తలలు తిరుగుతాయి. రెండేళ్లుగా ఆ ప్రొఫెసర్ ముఠా ఉప్పు తింటూ, వాళ్ల గుట్టు మాత్రం బాస్‌కి చేరవేస్తోంది.

"ఏమయ్యా, మైకులో గరగర వస్తోంది?"

"గొంతులోదేమో చూసుకోండి మేడమ్."

కోడ్ సరిపోయింది. ఆమె ఒక కాగితం జారవిడిచింది. "అమ్మేవాడు నమూనాగా పంపాడు. వైరస్‌ని పొడి చేశాడు. ఫ్రీజర్ లేకుండానే నలభై రోజులు బతుకుతుందట. ఈ గ్రాఫే రుజువు. పేరు లేదు."

"ఇంత ఘనకార్యం చేసి పేరు పెట్టుకోలేదా పాపం!" అన్నాడు ఉడుత. అన్నయ్య మాట చటుక్కున గుర్తొచ్చింది. పరిశోధకుడు ఆకలికి ఓర్చుకుంటాడ్రా, తన పని మీద ఇంకొకడి పేరు చూస్తే మాత్రం ఓర్వలేడు.

ఉడుత ఆ గ్రాఫుని స్లైడ్‌గా ఎక్కించాడు. రెండే రెండు మార్పులు చేశాడు.

పన్నెండవడానికి ఇంకా రెండు నిమిషాలు. వేదిక మీద సంఘం ప్రెసిడెంటు ప్రసంగం ముగిస్తున్నాడు. అన్నయ్యకి చదువు చెప్పిన గురువు. అందరికీ మేష్టారు. "మన కార్యదర్శి నాకు కొడుకులాంటివాడు," అని కళ్లద్దాలు తుడుచుకుని, ముఖ్య అతిథికివ్వాల్సిన బంగారు పతకం పెట్టె అందుకున్నాడు.

అతిథి చేతులు చాచాడు. ఉడుత మీట నొక్కాడు.

తెర మీద గ్రాఫు వెలిగింది. కింద పెద్ద అక్షరాల్లో: మన దివంగత కార్యదర్శి చివరి ఆవిష్కరణ. ఫ్రీజర్ లేకుండా పద్నాలుగు రోజులు.

హాలంతా చప్పట్లు. పెట్టె అంచుకి అతిథి వేళ్లు తగులుతుండగా మేష్టారి చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"తప్పు!" మైకు అదిరింది. "పద్నాలుగు కాదు, నలభై! అసలది వాడి గ్రాఫ్ కాదు!"

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. చప్పట్లు ఆగిపోయాయి. ఉడుత ఒక్క గెంతులో వేదికెక్కి పెట్టె లాక్కున్నాడు. పతకం కింద మఖమల్ గుడ్డ, గుడ్డ కింద సీలు వేసిన గాజు గొట్టం, అందులో బూడిద రంగు పొడి.

మైనా అతిథి చెవిలో ఏదో అనువదించింది. ఎక్కడా పొల్లుపోకుండా చెప్పినట్టుంది, ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

పావుగంట తర్వాత మేష్టారు అదే శీతల గదిలో స్టూలు మీద ఉన్నాడు. ఉడుత గుమ్మంలో నిలబడి గడియ మీద చెయ్యి వేశాడు. ఇనుము చల్లగా కొరికింది. ఈ చల్లదనంలోనే అన్నయ్య తలుపు బాది బాది అలిసిపోయాడు.

"వెయ్యాలని చెయ్యి దురద పెడుతోంది మేష్టారూ," అన్నాడు. "వెయ్యను. రిపోర్టు రాస్తాను, చాలు. పొడి కనిపెట్టింది అన్నయ్య. ఆయన నోట్సు కొట్టేసి అమ్మబోయింది మీరు. ఆవిష్కరణ ఆయనది, దొంగతనం మీది."

"అన్యాయం!" మేష్టారు లేచి నిలబడ్డాడు. "ఆరేళ్లు చచ్చీ చెడీ చేశాను!"

"రుజువేదీ? మొదట్నుంచీ చెబితేగా నమ్మడానికి."

మేష్టారు ఆ గడియ వైపు చూశాడు. తర్వాత కళ్లద్దాలు సర్దుకుని, శిష్యుడి చేత పరిశోధన వ్యాసం రాయించే గొంతుతో మొదలుపెట్టాడు. పెన్ను జేబులోంచే వింటోంది.

"రాసుకో. పద్ధతి నాది. ఇది లోకంలో ఉండకూడదు, కాల్చేద్దాం అని మీ అన్న కార్యవర్గానికి ఉత్తరం రాశాడు. అది నా చేతికే వచ్చింది. ఆ సాయంత్రం అలారం తీగ కోసింది నేను. ఈ గడియ వేసింది నేను. తీర్మానం రాసింది నేను. నిన్న వాడి సంతకం పెట్టిందీ నేనే. ఆ విదేశీయులు కొనబోయారంతే, ఒక్క ఆలోచన కూడా ఇవ్వలేదు. ఇది స్పష్టంగా రాయి. సహరచయితలు ఎవరూ లేరు."