మూడో పిలుపు

నర్సీపట్నం నుంచి తుని వెళ్లే దారిలో జీడితోటల మలుపుకు మంచి పేరు లేదు. ఎప్పుడో జీడిపిక్కలు ఏరుకునే ఒక ఆడమనిషిని అక్కడ పాము కరిచిందట. ఆవిడ అరిచి అరిచి చచ్చిపోయిందట. అప్పట్నుంచి చీకటి పడితే చాలు, దెయ్యమై మనకు తెలిసిన గొంతుతోనే పిలుస్తుందంటారు. రెండుసార్లే పిలుస్తుంది… పలికామా, అంతే సంగతులు. మూడోసారి కూడా పిలిస్తే మనిషేనని లెక్క.

ఈ లెక్క ఎవడు కట్టాడో గానీ, వాడి నోరు పడిపోను!

కొండన్న చెప్పగా విన్నది చెబుతున్నాను. సెల్‌ఫోన్లు ఇంకా మా వైపు రాని రోజులు. కొండన్న, తమ్ముడు గంగులు చెరో వ్యానులో పాయకరావుపేట నుంచి నర్సీపట్నం చేపలు తోలేవారు. దారిలో ఎవరి బండి ఆగినా రెండోవాడికి తెలియాలని విశాఖలో పాత సామాన్ల కొట్లో రెండు వాకీటాకీలు కొన్నారు. దారి పొడుగునా ఒకటే కబుర్లు. మాట చివర "ఓవర్" అనకపోతే గంగులు ఒప్పుకునేవాడు కాదు, పెద్ద పోలీసాఫీసర్లా!

ఆ సాయంత్రం ఖాళీ బళ్లతో తిరిగొస్తున్నారు. ముందు బండిలో కొండన్న, పక్కన తల్లి జోగులమ్మ. వెనకెక్కడో గంగులు. కొండన్న మలుపు దాటేసరికి బాగా చీకటి పడింది.

వాకీటాకీ సెట్టు గరగరలాడింది.

"అన్నా…"

గంగులు గొంతే. కానీ నూతిలోంచి వస్తున్నట్టుంది… చివర్న ఓవర్ లేదు.

కొండన్న సెట్టు అందుకున్నాడు. జోగులమ్మ అతని చెయ్యి పట్టేసింది.

"పలక్కురా… అది మనోడు కాదు. మూడోపాలి పిలవనీ," అంది గుసగుసగా.

"అన్నా… బేగి రా…"

రెండు.  కొండన్న బొటనవేలు బటన్ మీదే ఉంది — నొక్కలేదు. ఇద్దరూ మూడో పిలుపు కోసం చూశారు.

రాలేదు.

"సూసావా… నాను సెప్పలేదేటి?" అని జోగులమ్మ దేవుడికి దండం పెట్టుకుంది.

ఇంటి ముందు బండి ఆపి చాలాసేపు ఎదురుచూశారు. గంగులు రాలేదు. బండి తిప్పుకుని వెనక్కి వెళ్లారు. మలుపు పక్కన గోతిలో వ్యాను పడి ఉంది. స్టీరింగుకీ సీటుకీ మధ్య నలిగిపోయి గంగులు… చేతిలో సెట్టు. ప్రాణం లేదు గానీ, ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది.

దెయ్యం లేదు, గాడిద గుడ్డూ లేదు. టైరు పేలింది. పడ్డవాడు అన్నను పిలిచాడు. ఓపిక ఉన్నన్నిసార్లు పిలిచాడు.

అయినా జనం ఊరుకుంటారా? ఇప్పుడా మలుపులో గంగులే పిలుస్తున్నాడని మాట పుట్టించారు. ఒక దుర్మార్గుడు ఆ మాట జోగులమ్మ ముందే అన్నాడు. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. వాడి రెండు చేతులూ పట్టుకుంది.

"నన్నక్కడ దింపీ బాబూ… ఈపాలి మొదటి పిలుపుకే పలుకుతాను."