నాడిపెట్టె చెప్పిన రోగం

2084 నాటికి బండ్లన్నీ అయస్కాంత బాటల మీద తేలుతూ తమంతట తామే తిరుగుతున్నాయి. ఒక్క దేవరమెట్ట ఘాట్ మీదికే ఆ బాట ఎక్కలేదు. కొండ మీది ఆసుపత్రికి మందులు పాత డీజిల్ వ్యాన్‌లోనే వెళ్లాలి. దాన్ని నడపడానికి జిల్లాలో మిగిలిన ఆఖరి డ్రైవర్లు ఇద్దరు. పొద్దుట అప్పలకొండ, మధ్యాహ్నం సన్యాసయ్య. సొంత బావాబావమరుదులు. నాలుగేళ్లుగా మాటల్లేవు. కారణం అడిగితే చెరో పెళ్లిలో జరిగిన గొడవ చెబుతారు.

ఆ వ్యాన్ పొద్దుట గుర్రుమంటుంది. మధ్యాహ్నం కీచుమని అరిచి, మూడో మలుపులో ఆవిరి కక్కుతుంది. సాయంత్రంలోగా కారణం తేలకపోతే బండి తుక్కుకు, మందులు డ్రోన్లకు, ఈ ఇద్దరూ ఇంటికి. అధికారుల మాట అది.

ఇంజనీర్ హైమవతి ఆరేళ్లు చెమటోడ్చి తయారు చేసిన నాడిపెట్టెకు ఇదే తొలి పరీక్ష. అగ్గిపెట్టెకు పెద్దన్నలా ఉండే ఆ యంత్రంలో అకౌస్టిక్ సెన్సర్లు, హీట్ సెన్సర్లు ఉన్నాయి. ఇంజన్‌కు అంటిస్తే వారం రోజుల చప్పుళ్లు విని రోగం చెబుతుంది. ఈ వ్యాన్‌కు అంటించి నేటికి వారం. అబద్ధం చెప్పడం దానికి నేర్పలేదు. హైమవతి చేసిన తప్పు అదే!

"రోగ నిర్ధారణ పూర్తయింది" అంది నాడిపెట్టె. "పొద్దుట ఫ్యాన్ బెల్టు మరీ బిగుతుగా ఉంది, అందుకే బేరింగ్ గుర్రుమంటోంది. మధ్యాహ్నం అదే బెల్టు వదులై జారుతోంది. వాటర్ పంప్ సరిగా తిరగక ఇంజన్ కాగుతోంది. యంత్రంలో లోపం లేదు. రోజూ పొద్దుట ఒకరు పానాతో నాలుగు తిప్పులు బిగిస్తున్నారు. మధ్యాహ్నం ఇంకొకరు ఒక్క ఊపున వదులు చేస్తున్నారు."

హైమవతి బానెట్ ఎత్తింది. బోల్టు జరిగే గాడి పక్కన రెండు బొట్లు ఉన్నాయి. ఒకటి పసుపు, ఒకటి కుంకుమ. ఆయుధపూజ నాడు ఎవరికి వారు తమ కొలతకు బొట్టు పెట్టుకుని, అది దేవుడు చెప్పిన కొలతే అనుకున్నారు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "పసుపెవరిది?"

"నాదేనమ్మా" అన్నాడు అప్పలకొండ. "బెల్టు బిగుతుగుండాలి. ఆడికేటి తెలుసు? బండంటే బుర్రుమనాల."

"మేడమ్, ఆయన్తో సెప్పండి, బిగిస్తే బేరింగ్ సచ్చిపోద్దని" అన్నాడు సన్యాసయ్య. బావ రెండడుగుల దూరంలోనే ఉన్నాడు.

"రెండు బొట్లకీ మధ్యలో బిగిస్తాను. ఇంకెవరూ ముట్టకండి. బండి ఇంకో పదేళ్లు నడుస్తుంది" అంటూ ఆమె రోగ నిర్ధారణ పత్రం ముందుపెట్టింది. "ఇద్దరూ సంతకం చేస్తేనే చెల్లుతుంది. లేకపోతే రేపటి నుంచి మీకు స్టీరింగ్ ఉండదు."

"అంటే నాను తప్పు సేసినానని రాసిస్తానా? ఆడి ముందరా?" అప్పలకొండ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"బండి పోతే పోనీండి. నాను సంతకం ఎట్టను" అన్నాడు సన్యాసయ్య.

హైమవతి బతిమాలింది, తిట్టింది, ఆఖరికి కొండ మీది రోగుల పేరు కూడా ఎత్తింది. వాళ్లు కదల్లేదు. ఇంతటి పౌరుషం చూస్తే జాలి కాదు, అసహ్యం పుడుతుంది.

చివరికి అప్పలకొండే ఒక తెల్లకాగితం తీసి రాశాడు. "పెట్టె అబద్దం సెప్తంది. మా బండిని ఎవులూ ముట్టనేదు." సంతకం పెట్టి కాగితాన్ని బానెట్ మీద వదిలేసి పక్కకు జరిగాడు. సన్యాసయ్య వచ్చి, చదివి, కింద సంతకం పెట్టాడు. నాలుగేళ్లలో ఆ ఇద్దరూ ఏకమైంది ఆ ఒక్క మాట మీదే.

అధికారులు నాడిపెట్టెను పనికిరాని యంత్రంగా రాసేశారు. వ్యాన్‌ను తుక్కు యార్డుకు లాక్కెళ్లారు. కోపంలో హైమవతి పెట్టెను ఇంజన్ నుంచి విప్పడం కూడా మరిచిపోయింది.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి ఆమె ఫోన్‌కు పెట్టె నుంచి సందేశం వచ్చింది. "ఇంజన్ ఆగి ఉంది. పానాతో నాలుగు తిప్పులు."

మధ్యాహ్నం రెండింటికి మరొకటి వచ్చింది. "ఒక్క ఊపున వదులు."